గానుగ రోలరు మీద ఒక్కడే సారు

మొన్న ఆదివారం కంఠేశ్వర్‌లోని మా ఇంటికి ఇద్దరు వచ్చారు. డిగ్రీ కాలేజీలో హిస్టరీ లెక్చరర్లుగా కొత్తగా చేరబోతున్న ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. రిటైరయ్యే వయసు రాకముందే ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూర్చున్నవాణ్ని కాబట్టి తీరిగ్గా ఉంటానని ఎవరో చెప్పినట్టుంది. "సార్, ఉద్యోగం ఎట్లుంటది?" అని అడిగారు. ఆ క్షణాన నాకు తోచిన జవాబు ఒక్కటే: "చాయ్ తాగుండ్రి." తాగారు, పోయారు. వాళ్ల స్కూటరు సందు మలుపు తిరిగాక చెప్పాల్సిందంతా ఒక్కసారి నోటికొచ్చింది. నిజాంసాగర్ గేట్లన్నీ కలిసి ఎత్తినట్టు వచ్చింది. ఎదురుగా మా ఆవిడ తప్ప ఎవరూ లేరు. ఆమె బియ్యం చెరుగుతూ కాసేపు విని, "నేనేమన్న లెక్చరర్ నౌకరిల చేరుతున్ననా? కాయితం మీద రాయుండ్రి" అంది.

అందుకే రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. అవి వచ్చేటప్పుడు వస్తాయి, రానప్పుడు రావు. ఫైళ్ల గురించి అసలు రాయను. నాలుగు వందల యాభై ఏళ్ల కింద చనిపోయిన ఒక మనిషి బోధన్ చెరుకు పొలాల మధ్య నా ఉద్యోగాన్ని ఎలా పట్టి కుదిపాడో, అది మాత్రం రాస్తాను.

కాలేజీ

మా కాలేజీ బోధన్ పొలిమేరలో ఉంది. పేరు అక్కర్లేదు. చుట్టూ చెరుకే. కిటికీ తెరిస్తే చెరుకాకు లోపలికి తొంగి చూసి హాజరు పలికేది. ఫ్యాను స్విచ్చి వేస్తే ముందు దగ్గేది, తర్వాత మూలిగేది, పీరియడ్ అయిపోవచ్చాక ఒక చుట్టు తిరిగేది. చక్కెర ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది గానీ చెరుకు మూతపడలేదు. బెల్లం గానుగలకో, దూరపు ఫ్యాక్టరీలకో పోతూనే ఉంది. కోతలు మొదలైతే క్లాసులో నేనూ బోర్డూ మిగిలేవాళ్లం. చెరుకు ముగిసిందంటే పసుపు ఉడకబెట్టడం. అది కాగానే పరీక్షలు.

కొత్తవాళ్లు ఇక్కడ ఒక మాట వినాలి. పిల్లలు రావడం లేదని ప్రిన్సిపాల్‌కు మొరపెట్టుకోకండి. వాళ్లకు వీలైన వేళ ఏదో తెలుసుకుని పాఠాన్నే ఆ వేళకు జరపండి. నేను ఏడుగంటలకే క్లాసు తీసుకున్న రోజులున్నాయి. పొలానికి పోయే దారిలో కొడవలి సంచీతో వచ్చి కూర్చునేవాళ్లు. అంత శ్రద్ధగా విన్న క్లాసు నేను ఏ యూనివర్సిటీలోనూ చూడలేదు. కొడవలి ఉన్న విద్యార్థి ముందు లెక్చరర్ కూడా శ్రద్ధగా చెబుతాడు.

మా ప్రిన్సిపాల్ మంచివారు, కానీ భయస్థులు. గోడ మీద బల్లి పలికినా ఎవరి మనోభావాలైనా దెబ్బతిన్నాయేమోనని చుట్టూ చూసేవారు. నేను యూరప్ మత సంస్కరణల పాఠం మొదలుపెట్టే ముందు పిలిచి అడిగారు.

"నువ్వు ఎప్పుడూ చెప్పే ఆ మనిషి సిలబస్‌లో ఉన్నాడా?"

"ఉన్నాడు సార్. ఒక లైన్."

"అయితే ఆ లైన్ మీదే నిలబడు. పక్కకు దిగకు."

ఒక్కడే సారు

ఆ ఒక్క లైన్‌లో ఉన్న మనిషి పేరు పలకడానికి మా పిల్లలు వారం రోజులు కుస్తీ పట్టారు. గంగాధర్ అనే కుర్రాడికి పొలమారి మంచినీళ్లు తాగించాల్సి వచ్చింది. చివరికి వాళ్లే ఒక పేరు పెట్టుకున్నారు: ఒక్కడే సారు. దేవుడు ఒక్కడే, ఆయనలో ముగ్గురు లేరని బోధించాడు కాబట్టి. నేనూ ఇక్కడ అలాగే రాస్తాను.

ఒక్కడే సారుది ట్రాన్సిల్వేనియా. చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టాడంటారు. పెద్ద చదువు చదివాడు. మొదట పోపు గారి చర్చిలో ఉన్నాడు. అది వదిలి సంస్కరణవాదుల్లో ఒక పక్షానికి పెద్ద అయ్యాడు. ఆ పక్షం వదిలి ఇంకో పక్షానికి పెద్ద అయ్యాడు. చివరికి అదీ వదిలి, త్రిత్వమనే మాట బైబిల్లో లేదు, లేనిదాన్ని నేను బోధించను అన్నాడు. ఒక మనిషి ఇన్నిసార్లు మారితే మన దగ్గర పార్టీ టికెట్టు ఇస్తారు. అక్కడ రాజుగారి ఆస్థానంలో బోధకుడి పదవి ఇచ్చారు.

ఆ కుర్ర రాజు కాలంలోనే ఒక శాసనం వచ్చింది. ఏ బోధకుడైనా తనకు అర్థమైనట్టు బోధించుకోవచ్చు, ఊరికి నచ్చితే వింటుంది, నచ్చకపోతే బలవంతం లేదు, విశ్వాసం దేవుడిచ్చేది గనుక దానికోసం ఎవరినీ శిక్షించకూడదు అని. మిగతా యూరప్ అంతా మతం పేరుతో మనుషుల్ని తగలబెడుతున్న కాలం అది.

మా పిల్లల్లో ఖాజా అనే కుర్రాడుండేవాడు. బోధన్‌లో తరతరాలుగా కొయ్యపని చేసే ఇల్లు. వాడు ఉత్సాహంగా లేచాడు.

"సార్, ఈయన మావోడే సార్! ఖుదా ఏక్ అన్నడు గదా!"

"మీవోడెట్లైతడు బే? మా తాత గూడ దేవుడు ఒక్కడే అంటడు," అన్నాడు గంగాధర్.

"మరి మీ ఇంట్ల గన్ని పటాలెందుకున్నయ్?"

"ఒక్కడే. ఫోటోలు ఎక్కువ దిగిండు."

క్లాసు పది నిమిషాలు నవ్వింది. నవ్వు తగ్గాక ఖాజా మళ్లీ అడిగాడు: "గా శాసనం మా అసుంటోళ్లకు గూడ వర్తించిందా సార్?" లేదని చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అది క్రైస్తవుల్లో కొన్ని పక్షాలకే. సగం తెరిచిన తలుపు. అయినా ఆ కాలానికి అది తలుపే. మిగిలినచోట్ల గోడలున్నాయి.

ఒక్క అమ్మాయి మాత్రం నవ్వలేదు. పేరు రూతు. రుద్రూరు పక్క ఊరు. ఫైనలియర్. ఈ చదువు కాగానే పట్నం పోయి ఎం.ఏ. హిస్టరీ చేస్తానని ప్రతి వారం నాకు చెప్పేది. రెండు వారాలు చెప్పకపోతే నేనే అడిగేవాణ్ని.

ప్రభుదాసన్న

ఒక్కడే సారు కాలంలో ఆ రాజు త్రిత్వం ఉందనేవాళ్లనూ లేదనేవాళ్లనూ కూర్చోబెట్టి పది రోజులు వాదన పెట్టించాడు. పొద్దున ఐదింటికే మొదలయ్యేదట. ఇది చదవగానే నా బుర్రలో దీపం వెలిగింది. ఐదింటికి లేచి ఉండేవాళ్లు ఈ జిల్లాలో మా పిల్లలు తప్ప ఎవరున్నారు? అదే వాదన మన కాలేజీ గ్రౌండ్లో ఆడదాం అన్నాను. ఖాజా రాజు అయ్యాడు. ఒక్కడే సారు వేషం ఎవరికి అనగానే రూతు లేచింది.

"నేనైత సార్."

"నువ్వా? మీ బాపు చర్చిలో సంఘపెద్ద కదమ్మా."

"అందుకే సార్. ఎదుటోళ్ల దిక్కు నిలబడి సూస్తేనే మా దిక్కు ఏందో నాకు బాగ ఎరుకైతది."

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, దాని వెనకాల ఒక తండ్రి ఉన్నాడన్న సంగతి మర్చిపోయాను.

ఆ తండ్రి మర్నాడే వచ్చాడు. ప్రభుదాసు. వారమంతా ట్రాక్టర్లు బాగుచేస్తాడు, ఆదివారం చిన్న చర్చిలో వాక్యం చెబుతాడు. ఆయన గొంతుకు మైకు పెట్టరు. పెడితే మైకే చెవులు మూసుకుంటుంది. స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు. చేతులకు గ్రీజు, కళ్లల్లో నిప్పు.

"సార్, నా బిడ్డతోని యేసయ్య దేవుడు కాడని చెప్పిస్తుండ్రట?"

"నాటకమన్నా. చరిత్ర పాఠం."

"మీకు పాఠం. మాకు పానం. పట్నంల ఎం.ఏ. సదువుతనంటది. పంపుదమనే అనుకున్న. ఈడనే గిట్లుంటే ఆడ ఎట్లుంటది? పంప. బిడ్డను ఈ కాలేజి గూడ బంద్ చేపిస్త."

మా ప్రిన్సిపాల్ అప్పటికే తన గది తలుపు లోపలినుంచి వేసుకున్నారు. నాకు ఆ క్షణాన ఒక్కటే తోచింది.

"అన్నా, ఆ వాదనల ఎదుటి పక్షం దిక్కు మాట్లాడేటోళ్లు దొరుకుతలేరు. నువ్వే రా. నీ బిడ్డకు నువ్వే జవాబు చెప్పు."

ఆయన నన్ను పాడైన ఇంజను చూసినట్టు చూశాడు. పాడైన ఇంజను చూసినట్టు చూశాడు.

"వస్త. దాని నోట మాట రాకుంట చేస్త. గట్లనే ఇంటికి తోల్కపోత. మల్ల మీ కాలేజి మొకం సూడది."

వాదన

ఒక్కడే సారు ఒకసారి వీధి మూల గుండ్రాయి ఎక్కి బోధిస్తే ఊరు ఊరంతా ఆయన వెంట నడిచిందని ఒక కథ ఉంది. నిజమో కాదో నేను చూడలేదు. మా గ్రౌండ్లో గుండ్రాయి లేదు గానీ పాతకాలపు చెరుకు గానుగ రోలరు ఒకటి సగం భూమిలో దిగబడి ఉండేది. ఏనుగంత. సరే, ఏనుగు పిల్లంత. దాని మీద రూతు నిలబడింది. పుష్యమాసపు మంచు. చెరుకు లోడు ట్రాక్టర్లు రోడ్డు మీద లైట్లు వేసుకుని పోతున్నాయి. ప్రిన్సిపాల్ గారి కుర్చీలో, నెత్తిన కొయ్య కిరీటంతో ఖాజా. ప్రిన్సిపాల్ మాత్రం తన గదిలో గడియ వేసుకున్నారు.

అప్పుడే గేటు దగ్గర ఒక జీపు ఆగింది. తెల్లటి ధోవతులు, కండువాలు, చేతికర్రలతో ఆరుగురు పెద్దమనుషులు దిగారు. గంగాధర్ తాత, వాళ్ల ఊరి వీడీసీ పెద్దలు. మా జిల్లా సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి: ఇక్కడ ప్రతి ఊళ్లో గ్రామాభివృద్ధి కమిటీ ఉంటుంది. అన్నదమ్ముల గట్టు తగాదా నుంచి కల్లు దుకాణం దాకా పంచాయితీ తీర్చేది అదే. "కాలేజీల దేవుని గురించి పంచాయితి ఉంది" అని గంగాధర్ ఇంట్లో అన్నాడట. పంచాయితీ అంటే పెద్దలు రావాలి. వచ్చారు. నేను ఇది నాటకమని ఎంత చెప్పినా తాత వినలేదు.

"గదంత మాకెరుకనే సార్. తగాదా ఉందా లేదా?"

"ఉంది గానీ..."

"మరి కూసుంటం. ముందుగాల ఇద్దరు మా మాట ఇంటమని ఒప్పుకోవాలె."

తండ్రీ కూతుళ్లు తలూపారు. ఇంకేం చేస్తారు? పెద్దలు బెంచీల మీద కూర్చున్నారు.

ప్రభుదాసన్న మొదలుపెట్టాడు. ఆ గొంతుకు చెరుకులో పడుకున్న అడవిపందులు లేచి మహారాష్ట్రలోకి పోయాయి.

"పసుపు కొమ్ము సూడుండ్రి. రంగు ఉంది. వాసన ఉంది. ఘాటు ఉంది. మూడు. కొమ్ము ఎన్ని? ఒక్కటే! తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ గట్లనే. మేం ముగ్గురు దేవుళ్లంటలేం!"

బెంచీల మీది పెద్దలు, పసుపు రైతులే అంతా, తలలూపారు. రూతు శాలువా దగ్గరికి లాక్కుంది.

"కొమ్ము ఒక్కటే అని నువ్వే అంటున్నవ్ బాపు. నేను గదే అంటున్న. గా మూడు అనే మాట వాక్యంల యాడుంది? సూపియ్యి."

"మాట లేకుంటే సంగతి లేనట్టా? నీ మొకంల మీ అవ్వ పోలిక ఉంది. ఏ కాయితంల రాసుంది?"

"పోలిక ఉంటే నేనే అవ్వనైతనా బాపు?"

ఎవరో చప్పట్లు కొట్టారు. ప్రభుదాసన్న ఆగాడు. ఆగి, కూతుర్ని చూశాడు. ఆ చూపును నేను అప్పుడు కోపమనుకున్నాను. ఆయన మళ్లీ అందుకున్నాడు, ఆమె మళ్లీ జవాబిచ్చింది. సూర్యుడు చెరుకు మీదికి వచ్చాడు. నోట మాట రాకుండా పోయింది ఇద్దరిలో ఎవరికీ కాదు, నాకే. నేను ఇన్నేళ్లు ఆ పాఠం చెప్పాను. అందులో ఒక్కసారి కూడా ఇంత వెచ్చదనం లేదు.

తీర్పు

గంగాధర్ తాత చేయెత్తాడు. పెద్దలు తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు. తాత గొంతు సవరించుకున్నాడు.

"ఇగ ఇను. పిల్ల ఒకటి అంటుంది. తండ్రి మూడు అంటుండు. ఇద్దరు ఒక్క ఇంటోళ్లే. తగాదా పెంచుకోవద్దు. నడిమిట్ల రెండు చేసుకోండ్రి."



"రెండేంది!" అన్నారు తండ్రీ కూతుళ్లు. ఒకేసారి. ఒకే గొంతుతో. రూతు రోలరు మీదనుంచి, ఆయన కిందనుంచి.

"ఒప్పుకుంటమని తలూపిండ్రు గదా!"

"తాతా, దేవుడు మడికట్టా నడిమిట్ల గట్టేసుకోనీకి?" అన్నాడు ప్రభుదాసన్న.

"ఒక్కడే తాతా! ఎట్ల ఒక్కడనేదే మా తగాదా!" అంది రూతు.

"గట్లనే చెప్పు బిడ్డా!" అన్నాడు ఆయన, తాను ఎదుటి పక్షమన్నది మర్చిపోయి.

అక్కడ ఆపి ఉంటే బాగుండేది. కానీ నాలోని లెక్చరర్ సిలబస్ పూర్తి చేయకుండా ఉండలేడు. నేను ముందుకొచ్చి మిగతా కథ చెప్పాను. ఆ కుర్ర రాజు చనిపోయాడు. (ఖాజా కిరీటం పక్కన పెట్టి, గడ్డిలో చాలా సంతోషంగా చనిపోయాడు.) కొత్త పాలకుడు వచ్చి, మతంలో ఇక ఏ కొత్త మాటా చెప్పడానికి వీల్లేదన్నాడు. ఒక్కడే సారు ఊరుకోలేదు. చివరికి ఆయన మీద ఫిర్యాదు చేసింది శత్రువు కాదు, ఆయనతో ఏళ్ల తరబడి కలిసి నడిచిన స్నేహితుడే. జబ్బుతో నడవలేని మనిషిని విచారణకు తెచ్చారు. యావజ్జీవం వేసి కొండమీది కోటలో పెట్టారు. కొన్ని నెలలకే అక్కడ చనిపోయాడు.

మా నాటకంలో కోట అంటే ల్యాబు పక్కన విరిగిన బెంచీలు పడేసే గది. కిటికీ లేదు. రాజు గడ్డిలో చనిపోయి ఉన్నాడు కాబట్టి శిక్ష చెప్పడానికి మిగిలింది ఎదుటి పక్షమే.

"అన్నా, 'తీసుకపోండ్రి' అనాలె. గంతే. తర్వాత పాఠం అయిపోతది," అన్నాను.

ప్రభుదాసన్న ఆ గది తలుపు చూశాడు. రోలరు మీద చలికి ముక్కు ఎర్రబడ్డ బిడ్డను చూశాడు. అంత గొంతున్న మనిషి నోరు తెరిచి మూశాడు.

"చరిత్రల గట్లనే ఉందన్నా," అన్నాను మెల్లగా.

ఆయన తన మఫ్లరు తీసి పైకి అందించాడు. "దిగు బిడ్డా. ఇంటికి పోదాం." బండి ఎక్కించుకుని పోయాడు. పెద్దలు తమ తీర్పు ఎవరూ వినలేదని గొణుక్కుంటూ జీపెక్కారు. ప్రిన్సిపాల్ మెల్లగా తలుపు తీసి, "లైన్ మీదే నిలబడమన్నాను కదయ్యా" అన్నారు.

ఆ తర్వాత

రూతు కాలేజీకి రావడం మానేసింది. మొదట చలి వల్లనేమో అనుకున్నాను. తర్వాత అలా అనుకోవడం మానేశాను. క్లాసులో ఆమె కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు. ఖాజా మూడుసార్లు పోయి ఆ ఊరి మలుపు దాకా చూసి వచ్చాడు, లోపలికి పోవడానికి ధైర్యం చాలక. నాకైతే మలుపు దాకా పోయే ధైర్యం కూడా లేకపోయింది.

ఒకనాడు ప్రభుదాసన్న ఒక్కడే వచ్చాడు. అదే గుమ్మం, అవే గ్రీజు చేతులు. నిప్పు మాత్రం లేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, ఒక్క మాట. గా కోటల ఆయన ఒక్కడే సచ్చిపోయిండా? పక్కన ఎవ్వరు లేరా?"

నేను ఎన్ని ఏళ్లు చెప్పినా ఎవరూ అడగని ప్రశ్న అది. నాకు నేనూ వేసుకోని ప్రశ్న.

"విచారణకు అల్లుడు పట్టుకుని తీసుకొచ్చాడంటారు అన్నా. కోటలో చివరిరోజున ఎవరున్నారో నేను చదివిన పుస్తకాల్లో లేదు."

"అల్లుడున్నడంటే బిడ్డ ఉన్నట్టే గదా."

"ఉన్నట్టే."



"ఆయన చెప్పింది తప్పు సార్. గందుల మార్పు లేదు. ఆదివారం నేను మూడు వారాలు గదే వాక్యం చెప్పిన. చెప్పంగ చెప్పంగ మల్ల గా విరిగిన బెంచీల గదే యాదికొస్తది. తప్పు చెప్పినోడు గూడ ఒంటరిగ సావొద్దు." ఆగాడు. "మీ పుస్తకాలల్ల లేదంటున్నరు. పట్నంల పెద్ద పుస్తకాలుంటయా?"

"ఉంటాయన్నా."

"అయితే రేపటి నుంచి బిడ్డ కాలేజికొస్తది. ఇది అయినంక పట్నం పంపుత. ఆయన పక్కన ఎవరన్న ఉండెనా, సూసి రానీ."

కొత్తగా చేరుతున్న తమ్ముడూ, చెల్లెలూ, మీ ప్రశ్నకు జవాబు ఇదే అనుకుంటాను. చెప్పే పాఠం ఏ పొలంలోకి పారుతుందో మన చేతిలో ఉండదు. ఒక్కడే సారు బోధ ఆయన దేశంలో ఇప్పటికీ బతికే ఉంది. ఇంగ్లండులో, అమెరికాలో, మన మద్రాసులో కూడా ఆ భావం నమ్మినవాళ్లు సంఘాలు పెట్టుకున్నారు. ఇవన్నీ పరీక్షలో రాయించండి, మార్కులొస్తాయి. రుద్రూరు పక్క ఊళ్లో, ఆయన మాట ఒక్కటీ ఒప్పుకోని మనిషి మీద ఆయన ప్రభావం ఎంతో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు.

రూతు ఇప్పుడు పట్నంలో చదువుతోంది. ఈమధ్య ఒక ఆదివారం వాళ్ల చర్చి దగ్గరికి పోయాను. ప్రార్థన కాగానే ప్రభుదాసన్న చెప్పులేసుకోకుండానే ఫోను తీశాడు. ప్రతి ఆదివారం ఇదేనట. ఆ గొంతుకు స్పీకరు అక్కర్లేదు, అవతలి గొంతు కూడా నాకు వినపడింది.

"దొరికిండ్రా బిడ్డా, ఎవరన్న?"

"ఇంకా దొరకలే బాపు."

"మంచిగ సూడు. ఉంటరు."